నోరు కట్టుకున్న నెలలు

పోయిన వారం జయంతిని మనం తిరుపతిలోని పిల్లల ఆసుపత్రిలో, అద్దం తలుపు ముందు నిలబెట్టి వచ్చేశాం. ఆమె ఇంకా అక్కడే నిలబడి ఉంది. పచ్చి బాలింతను కూర్చోమని ఎవరో ఒకరు అనాలి కదా, ఎవరూ అనలేదు. అనవలసిన వాళ్లంతా ఎవరి ఏడుపులో వాళ్లున్నారు.

అద్దం అవతల గాజు పెట్టెలో ఆమె పాప ఉంది. ఇంకా పేరు కూడా పెట్టలేదు. నగరిలో కత్తి గాటు లేకుండా పుట్టిన బిడ్డ. వీధి వీధంతా వచ్చి చూసి, రాఘవమ్మ ఇంట్లో కాన్పంటే ఇట్లా ఉండాలని మెచ్చుకుని వెళ్లింది. ఆ మెప్పు చెవుల్లో ఉండగానే పాప పాలు మానేసింది, ఒళ్లు చల్లబడిపోయింది, గిల్లినా ఏడవలేదు. తిరుపతికి తెచ్చాక రక్తంలో ఇన్‌ఫెక్షన్ అన్నారు. మందులకు కాస్త తేరుకుంది. హమ్మయ్య అనుకునే లోపే ఊపిరితిత్తులకు ఇంకొకటి పట్టుకుంది. ఒకదాని మీద ఒకటి ఇలా వస్తున్నాయంటే ఈ బిడ్డ ఒంట్లో రోగానికి ఎదురు నిలిచే శక్తే లేదని డాక్టర్ తరన్నుమ్‌కు అర్థమైంది. ఎందుకు లేదన్నదే అర్థం కాలేదు.

అడుగుతూ పోతే మేనరికం బయటపడింది. జయంతిని చేసుకున్న ధనశేఖర్ ఆమె సొంత మేనత్త రాఘవమ్మ కొడుకే. రాఘవమ్మ తన కూతురు మోహననూ మేనమామకే, అంటే తన చిన్న తమ్ముడికే ఇచ్చింది. ఆ మోహనకు చాలా ఏళ్ల కిందట పుట్టిన మగబిడ్డ కూడా నెల తిరక్కుండానే ఇలాంటి జబ్బుతోనే పోయాడు. ఆ మాట వినగానే డాక్టరమ్మ ముఖం మారిపోయింది. చివరికి జయంతిని అడిగింది, కడుపుతో ఉన్నప్పుడు సరిగ్గా తిన్నావా అని. జయంతి పక్కనున్న మేనత్త ముఖం చూసి, "అన్నీ తిన్నాను మేడం. గుడ్లు, పాలు, పప్పు, ఆకుకూర" అంది.

పచ్చి అబద్ధం. ఆ అబద్ధం దగ్గరే పోయినసారి ఆగాం. అది నమ్మిన డాక్టరమ్మ పిలిపించిన అంబులెన్సు ఇప్పుడు ఆసుపత్రి వాకిట్లో వెనక తలుపులు తెరుచుకుని నిలబడి ఉంది.

"బండి వచ్చేసింది జయా" అన్నాడు ధనశేఖర్. శ్రీ సిటీలో డ్యూటీ మధ్యలో పరిగెత్తుకొచ్చిన మనిషి, ఆ ఫ్యాక్టరీ చొక్కా ఇంకా ఒంటి మీదే ఉంది. "చెన్నైలో రక్తం పరీక్ష చేస్తారంట. పుట్టుకతో వచ్చిన లోపం ఏమన్నా ఉండాదేమో సూస్తారంట. సంతకం పెట్టేసినాను."

"దోవలో ఏమన్నా అయితే బావా?"

"ఈడుంటే మాత్రం ఏమైతాది? నువ్వే సూస్తాండావు గదా." గోడకు వీపు ఆనించి అలాగే కిందికి జారి కూర్చున్నాడు. "మనం పెండ్లే చేసుకోకుండా ఉండాల్సింది. మన రక్తమే మంచిది కాదంట. అక్క బిడ్డను మింగింది, ఇప్పుడు మన పాప మీదికి వచ్చింది. ఇంగ మనకు బిడ్డలే వొద్దు జయా. ఇది ఒకటి బతికితే సాలు."

రక్తం కాదు బావా, అనాలి. అంటే తర్వాత ఇంకేం చెప్పాలో జయంతికి తెలుసు. ఆ తర్వాతి మాట మేనత్త పేరుతోనే మొదలవుతుంది.

ఆ నెలల్లో జయంతి ఏం తిన్నదో నిజంగా తెలిసినవాళ్లు ఇద్దరే ఇద్దరు. మూడో నెల దాటగానే రాఘవమ్మ కోడలి ముందునుంచి పెద్ద కంచం తీసేసి చిన్న కంచం పెట్టింది. "నోరు కట్టుకో అమ్మీ. నువ్వు తినేదంతా బిడ్డకే పోతాది. బిడ్డ లావైతే ఎట్ల పుడతాది? కత్తి పెట్టి కోస్తారు" అంది. పొద్దున గ్లాసుడు గంజి. మధ్యాహ్నం ఆ చిన్న కంచంలో మజ్జిగన్నం. రాత్రికి ఉంటే ఉంది, లేకుంటే లేదు. పప్పు వాతమంది, గుడ్డు వేడంది, పాలు తాగితే బిడ్డకు కొవ్వు పడుతుందంది. ఆకలికి ఆగలేక జయంతి డబ్బాలోంచి పిడికెడు బియ్యం తీసుకుని, దొంగలా పెరట్లోకి వెళ్లి నమిలిన రోజులున్నాయి.

రాఘవమ్మ పగబట్టి చేసిందనుకునేరు. అదేం లేదు. తల్లి పోయిన జయంతిని చిన్నప్పుడే తెచ్చుకుని, తల దువ్వి, బడికి పంపి, సొంత కూతురి కంటే ఎక్కువగా సాకింది ఆ మేనత్తే. కోడలు నీరసపడి వంటింటి గుమ్మంలో కూలబడితే పక్కన కూర్చుని కాళ్లు పిసికేది. కోడలు తినడం లేదని తానూ సగం కడుపుకే తినేది. జయంతి కూడా ఎవరో బలవంతపెడితే తినడం మానిన పిల్ల కాదు. నిండు నెలల్లోనూ కడుపే తెలియడం లేదని వీధి ఆడవాళ్లు పొగుడుతుంటే మురిసిపోయింది. కడుపు మాడ్చుకోవడాన్ని ఘనకార్యంగా నేర్పిన వీధి అది. నాకు ఆ వీధి మీద ఉన్న కోపం ఇంతా అంతా కాదు. కానీ పాపకు నా కోపంతో పనిలేదు, వాళ్లమ్మ నోరు విప్పడంతోనే పని.

లోపలినుంచి డాక్టర్ తరన్నుమ్ వచ్చింది. చిత్తూరు మనిషి. ఉన్నది ఉన్నట్లు చెప్పేస్తుంది, తర్వాత పక్కకు పోయి బాధపడుతుంది.

"జయంతీ, బయల్దేరుతున్నాం. బండిలో నేనూ వస్తాను. కానీ నీ దగ్గర దాచను. ఇంత నీరసంగా ఉండే బిడ్డను కదిలించడం ప్రమాదమే. దోవలో ఊపిరి ఆగితే చేయాల్సిందంతా చేస్తాను. బతికిస్తానని మాత్రం మాట ఇవ్వలేను."

"మరి ఏల తీసకపోతారు మేడం?"

"ఈడ పెట్టుకుంటే ఇంకా ప్రమాదం అని. పుట్టుకతో వచ్చిన లోపమైతే నా మందులు ఎంతకాలం వేసినా ఒకటి పోతే ఇంకొకటి వస్తాది. దానికి వేరే వైద్యం ఉండాది. అది మా దగ్గర లేదు."

"ఆ లోపం కాకపోతే?"

"కాకపోతే ఈ పరిస్థితిలో గడప కూడా దాటించను."

జయంతి ఆమె చెయ్యి పట్టుకుంది. "మేడం, తల్లి తినకపోతే బిడ్డకు ఇట్లా అయితాదా?"

డాక్టరమ్మ చూపు జయంతి మెడ కింద పొడుచుకొచ్చిన ఎముకల మీద పడింది.

"అయితాది. రోగంతో కొట్లాడే బలం బిడ్డకు కడుపులోనే కూడుకోవాల. దానికి తల్లి తినే తిండే ఆధారం. ఆఖరి నెలల్లో తల్లి రక్తంలోంచి కూడా కొంత కాపుదల బిడ్డకు పోతాది. తల్లే ఎండిపోతే బిడ్డ తక్కువ బరువుతో, ఆ బలం సరిగ్గా రాకుండానే పుడతాది. మనకు రెండు తుమ్ములతో పోయే క్రిమి ఆ బిడ్డను మంచాన పడేస్తాది." ఆగి, గొంతు తగ్గించింది. "ఎందుకడిగినావు? నువ్వు బాగా తిన్నానంటివి. నీకు రక్తం తక్కువుందని సూసినాను. మన పక్క ఆడోళ్లలో ఎంతోమందికి అంతేలే అని నీ మాట నమ్మినాను."

వరండా చివర బెంచీ మీద రాఘవమ్మ కూర్చుని ఉంది. ఒళ్లో గుడ్డసంచి. అందులో కోడలి పత్యం డబ్బా. ఆమె ఇటే చూస్తోంది. ఎదిగే వయసులో తనకు జ్వరం వస్తే తెల్లారేదాకా కళ్లు మూయకుండా కూర్చున్న మనిషి. ఆమెను నలుగురి ముందు నిలబెట్టాలి. లేదా పాపను బండి ఎక్కించాలి. రెండిటిలో ఏది చేసినా తనకిక మనశ్శాంతి ఉండదని జయంతికి తెలిసిపోయింది. దేవుడా, నన్నెందుకు ఇలా పట్టుకున్నావని ఏడుపు పొంగుకొచ్చింది.

"నేను తినలేదు మేడం" అంది. "అబద్ధం చెప్పినాను."

రాఘవమ్మ సంచి కింద పడేసి వచ్చేసింది. "ఏం మాట్లాడతాండావు మే? డాక్టరమ్మా, దాని మాట పట్టించుకోవాకండి. నిద్ర లేదు, బిడ్డ మీద బెంగ, మతి పోయి ఏమేమో అంటాండాది. నా కోడలికి నేను తిండి పెట్టకుండా ఉంటానా? దినామూ గుడ్డు పెట్టినాను."

"ఔను మేడం." ధనశేఖర్ కూడా లేచాడు. "అంగన్వాడీలో గుడ్లు, పాలు ఇస్తాండిరి. మా అమ్మే పోయి తెస్తాండె. ఒక్కనాడు కూడా వదల్లేదు."

"తెచ్చినవి యాడికి పోయినాయి బావా?" జయంతి అతని వైపు తిరిగింది. "నీ క్యారియర్లో దినామూ గుడ్డు ఉండె గదా. అమ్మకు కొడుకు మీద ఇంత ప్రేమ ఎప్పటినుంచి అని నువ్వు నవ్వతాంటివి గదా. అవి పాప గుడ్లు బావా."

ధనశేఖర్ తల్లిని చూశాడు. రాఘవమ్మ కళ్లు దించేసుకుంది. అతను నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని గోడ వైపు తిరిగిపోయాడు. ఏడుపుకు వీపు ఎగిరెగిరి పడింది.

"ఇప్పుడేం తింటాండావు?" డాక్టరమ్మ గొంతు గట్టిపడింది. "కాన్పయినాక?"

"మిరియాల కారం, నాలుగు ముద్దల అన్నం. నీళ్లు గొంతు తడుపుకునేదానికి ఇస్తారు. ఎక్కువ తాగితే ఒళ్లు ఊదుతాదని."

"అందుకా పాలు రాకుండా ఉండేది! పొద్దుకీ మాపుకీ వచ్చి నాలుగు చుక్కలు పిండి, ఇంతే వచ్చినాయి మేడం అని నువ్వు ఏడస్తాంటే, నేనేమో బిడ్డ మీది మనేద వల్ల అనుకుంటి." ఆమె రెండడుగులు అటూ ఇటూ నడిచింది. కోపం వీళ్ల మీదో, ఇంకాస్త తవ్వి అడగని తన మీదో ఆమెకే తెలియలేదు. "అయినా నేను బండి ఆపలేను జయంతీ."

"ఏల మేడం? నిజం చెప్పినాను గదా!"

"నీది నిజమే అనుకుందాం. మోహన బిడ్డ సంగతేంది? ఆ పిల్లోడూ నెల్లోపలే, ఇట్లాంటి జబ్బుతోనే పోయినాడు. ఒక ఇంట్లో రెండు మేనరికాలు, రెండింటా ఇదే కత. నువ్వు పస్తుండినా, రక్తంలో దోషం లేదని నాకు నమ్మకం ఏంది? అది ఉండి, నేను ఈడే పెట్టుకుంటే, ఈ బిడ్డను చేతులారా చంపినట్లయితాది."

అద్దం తలుపు తెరుచుకుంది. ఇద్దరు నర్సులు చక్రాల పెట్టెను మెల్లగా బయటికి తోసుకొచ్చారు. గొట్టాలు, తీగలు, ఒక సిలిండరు. వాటన్నిటి మధ్య ఎక్కడో పాప.

జయంతి మేనత్త కాళ్ల దగ్గర కూలబడింది. "అత్తా, వదినకు బిడ్డ పుట్టినప్పుడు నేను ఇస్కూలు పిల్లను. నాకేం తెలీదు. నీకు తెలుసు. వదినకు ఏం పెట్టినావో చెప్పత్తా. నీ కాళ్లు పట్టుకుంటాను. నన్ను సాకినావు గదా, నా బిడ్డను బతికించత్తా!"

"పోనీ మే, చెన్నైకి పోనీ" అని గొణిగింది రాఘవమ్మ. "ఆడ పెద్ద పెద్ద డాక్టర్లు ఉంటారు, వాళ్లు సూస్తారు..."

పెట్టె ఆమె పక్కగా వచ్చింది. బట్ట తొలిగి పాప పాదం కనిపించింది. బొటనవేలంత పాదం, చర్మం ముడతలు పడి ఉంది. రాఘవమ్మ దాన్ని చూసింది. చూసి, ఒక్కసారిగా రెండు చేతులూ చాపి పెట్టెకు అడ్డం పడిపోయింది.

"ఆపండమ్మా! యాడికీ తీసకపోవాకండి!"

నర్సులు ఆగిపోయారు.

"మోహనకూ చిన్న కంచమే డాక్టరమ్మా" అంది రాఘవమ్మ. "దానికి ఇంగా తక్కువ పెట్టినాను. మా ఇంట్లో తొలి కాన్పు గదా అని జాస్తి భయపడితి. ఆ పిల్లోడు పుట్టినప్పుడు ఇట్లే, నా అరచేతిలో పట్టేంత ఉన్నాడు. ఎంత సుళువుగా పుట్టినాడో అని ఊరంతా చెప్పుకుంటి. వాడు పోయినాక అందరూ మేనరికం అన్నారు, రక్తం మంచిది కాదన్నారు. నేను ఆ మాటనే పట్టుకుంటి. జయంతిని పరాయింటికి పంపలేక మళ్లా మేనరికమే చేసినా, ఆ మాట వదల్లేదు. రక్తం చేసింది, నేను చెయ్యలేదు అనుకుంటే నాకు నిద్ర పట్టె."

"ఎందుకు మా?" ధనశేఖర్ తల్లి వైపు తిరిగాడు. "ఎందుకు చేసినావు మా ఇట్లా?"

"మా అక్క నా ఒళ్లోనే పోయింది రా నాయనా. బిడ్డ పెద్దదైపోయి రాలేదు. ఆసుపత్రికని పుత్తూరుకు బండి కట్టించుకుని పోతాంటే, దోవంతా అరిచి అరిచి, నా చెయ్యి పట్టుకునే పోయింది. నా ఇంట్లో ఇంగ ఏ ఆడబిడ్డా అట్లా పోగూడదనుకుంటి. తల్లి బతకాలనుకుంటి. అంతే రా. ఇంగేం లేదు."

డాక్టర్ తరన్నుమ్ పెట్టె మీద చెయ్యి వేసింది.

"లోపలికి తోయండి" అంది నర్సులతో. "బిడ్డ యాడికీ పోవడం లేదు. రక్తం మాత్రం చెన్నైకి పంపుదాం." జయంతిని భుజం పట్టి లేపింది. "ఇదొక్కటే కారణమని నేను ఒట్టేసి చెప్పలేను. ఇంతటితో బతికిపోయిందనీ చెప్పలేను. ఈ రోజూ రేపూ గడవడం కష్టమే. కానీ ఆకలే కారణమైతే నువ్వు చేయగలిగిన పని ఒకటుండాది. నీ పాలల్లో ఉండే మందు నా దగ్గర ఏ సీసాలోనూ లేదు. ఆ పత్యం డబ్బా తీసి అవతల పారెయ్. కడుపునిండా తిను, నీళ్లు తాగు. పాలు కుదిరినన్ని పిండి పంపు. చుక్క అయినా సరే, పంపు."

ఆమె పెట్టె వెంట లోపలికి వెళ్లిపోయింది.

"తినేదానికి ఏమన్నా తెస్తాను" అని ధనశేఖర్ కళ్లు తుడుచుకుంటూ కదిలాడు.

"వొద్దు రా. నా దగ్గర ఉండాది" అని మెట్ల వైపునుంచి వినిపించింది.

మెట్ల దగ్గర మోహన నిలబడి ఉంది. చిత్తూరు నుంచి బస్సులో వచ్చినట్లుంది, చీరంతా నలిగి ఉంది. చేతిలో క్యారియరు. రాఘవమ్మ ముఖంలో నెత్తురు చుక్క లేకుండా పోయింది.

"ఎప్పుడొచ్చినావు మే?"

"నువ్వు చిన్న కంచమన్న కాడికి వచ్చినాను మా."

మోహన తల్లి వైపు చూడలేదు. జయంతిని బెంచీ మీద కూర్చోబెట్టి క్యారియరు విప్పింది. అన్నంలో పప్పు కలిపి, గుడ్డు చిదిపి, ముద్ద చేసి నోటి దగ్గర పెట్టింది. జయంతి నోరు తెరిచింది. ఎన్ని నెలల తర్వాతో నోటికి తగిలిన పప్పన్నం. రుచి తెలియలేదు, కళ్లలోంచి నీళ్లు మాత్రం కారిపోయాయి.

"నన్ను తిట్టు మోహనా" అంది రాఘవమ్మ దగ్గరికి వస్తూ. "కొట్టు. నేను పడతాను. రక్తంలో ఏమీ లేదు మే. నీకు ఇంగా వయసుండాది. ఇంగో బిడ్డ పుడితే నా సేత్తో నేనే దండిగా వండి పెడతాను. పెద్ద కంచంలో పెడతాను."

"పుట్టదు మా."

"అట్లనవాకు మే..."

"మన రక్తం మంచిది కాదని నువ్వే గదా మా చెప్పింది? ఆ రక్తంతో ఇంగొక బిడ్డను కని సంపుకోవాల్నా అనుకుంటి. వాడు పోయిన మరుసటేడే ఆపరేషన్ చేయించుకుంటి. బిడ్డల్లేనోళ్లకు చెయ్యం పొమ్మన్నారు. ఇంటి కాడ ఇద్దరుండారని అబద్ధం చెప్పి చేయించుకుంటి. కట్టుకున్న మామకు తెలుసు. నీకే చెప్పలేదు." ముద్ద కలుపుతున్న ఆమె చెయ్యి ఆగలేదు. "నాకు బిడ్డలు కావాలని నువ్వు గుడి గుడికీ తిప్పతాంటే, నీ మనసు కష్టపడతాదని నీ ఎనకే తిరిగినాను మా, ఇన్నేండ్లు."

రాఘవమ్మ నిలబడ్డ చోటే నేల మీద కూర్చుండిపోయి, కొంగు నోట్లో కుక్కుకుంది. ధనశేఖర్ తల్లి దగ్గరికి వెళ్లాలో, అక్క దగ్గరికి వెళ్లాలో తెలియక మధ్యలో నిలబడిపోయాడు.

జయంతికి ముద్ద గొంతు దిగడం లేదు. మోహన ఇంకో ముద్ద చేసి పట్టుకుంది.

అప్పుడే అద్దం తలుపు విసురుగా తెరుచుకుంది. నర్సు తల బయటికి పెట్టింది.

"జయంతీ! డాక్టరమ్మ పిలుస్తాండాది. తల్లి ఒక్కతే రావాల. బిన్నా రా మా!"

ఆ గొంతులో తొందర తప్ప ఇంకేమీ తెలియలేదు. జయంతి లేచి నిలబడింది. అన్నం ఇంకా నోట్లోనే ఉంది. ఉమ్మేసి పరిగెత్తబోతే మోహన ఆమె మణికట్టు పట్టుకుంది.

"మింగి పో" అంది.